గుట్ట మీద ఈల

కొన్న రసీదు వాడి పేరు మీద ఉందని, విడాకులిచ్చిన రోజే మా మకావ్ చిలుకను కూడా కోర్టు నా మొగుడు లచెజార్‌కే ఇచ్చేసింది. పంజరం, గింజల డబ్బా, మెడలో వేసుకునే ఈల, అన్నీ నా చేత్తోనే అప్పగించాను.

"ఇంత తేలిగ్గా ఇచ్చేస్తున్నావేంటే, వెలిచ్కా?" అని నవ్వాడు.

"కోర్టు చెప్పాక నేనేం చేస్తాను?" అన్నాను.

కొన్నాళ్లకి ఒక ఆదివారం మధ్యాహ్నం ఫోన్ చేశాడు. కొత్త పెళ్లాన్నీ స్నేహితులనూ వెంటేసుకుని, మా ప్లోవ్‌దివ్ ఊరి నడిబొడ్డున ఉన్న గుట్టెక్కి, చిలుకను గాల్లోకి వదిలాడట.

"ఇది దిగట్లేదే! అందరూ నవ్వుతున్నారు. ఏం నేర్పి చచ్చావే దీనికి?"

"ఈల ఊదావా?"

"ఊదుతూనే ఉన్నా! ఊదినకొద్దీ దూరం పోతోంది!"

"అంత నీరసంగా ఊదితే దానికేం వినపడుతుంది? దమ్ము పట్టి ఊదు."

ఫోనులో ఈల చెవులు చిల్లులు పడేలా మోగింది. నేను బాల్కనీ తలుపు తీసి, ఒక అక్రోటు పగలగొట్టి అరచేతిలో పెట్టుకున్నాను.

"అయ్యో, పెంకుటిళ్ల మీదుగా ఎటో పోయిందే!"

ఎనిమిదేళ్లు దాన్ని రోజూ గుట్ట మీదికి తీసుకెళ్లింది నేనొక్కదాన్నే. చెయ్యెత్తితే వచ్చి చేతి మీద వాలేది. ఈల ఊదితే మాత్రం, ఇక చాలు ఇంటికి పద అని అర్థం. నాకంటే ముందే వచ్చి ఈ బాల్కనీలో కూర్చునేది. వాడు ఒక్కనాడైనా మా వెంట వచ్చుంటే ఆ సంగతి తెలిసేది.

చిలుక వచ్చి బాల్కనీ కమ్మీ మీద వాలి, నా చేతిలో అక్రోటు అందుకుంది.

"ఊదడం ఆపకు," అన్నాను ఫోనులో. "చీకటి పడేదాకా ఊదు. ఎక్కడికి పోతుంది, వచ్చేస్తుంది."