రంగేసిన మిషన్

ట్రాలీ ఆటోలోంచి దించిన వాషింగ్ మిషన్‌ని చూడగానే మంగతాయారుకి ఒళ్ళు మండింది.

ఆకాశనీలం రంగు. దగ్గరికెళ్తే పెయింటు వాసన గుప్పుమంది. అంచు దగ్గర గోటితో గీకింది. నీలం కింద తుప్పు మరకలు బయటపడ్డాయి.

"ఏంటయ్యా ఇది?"

"మిషనమ్మా. మీకే. బందరు నుంచి తెచ్చాను" అన్నాడు ఆటో అతను.

"మీటింగులో నాకిచ్చింది కొత్తది. తెల్లగా అద్దంలా ఉంది. పాతదానికి రంగు పూసి పంపితే కనిపెట్టలేననుకున్నారా మీవాళ్ళు?"

అతను మిషన్‌ని గడప దగ్గరికి జరిపాడు.

మహిళా దినోత్సవం నాడు బందరులో ఒక సేవా సంఘం వాళ్ళు ఆమెను వేదిక ఎక్కించారు. భర్త పోతురాజు పడవలో జారిపడి, నడుం విరిగి మంచాన పడ్డాడనీ, రొయ్యల షెడ్డులో పనిచేసొచ్చి ఆమె రోజూ అతని దుప్పట్లు ఉతుకుతుందనీ మైకులో చెప్పారు. రిబ్బను కట్టిన కొత్త మిషన్ మీద ఆమె చెయ్యి వేయించి ఫొటోలు తీశారు. రొయ్యలు ఒలిచి ఒలిచి పుళ్ళుపడ్డ వేళ్ళు కనపడకుండా ఆమె కొంగు కప్పుకుంది.

"ఇంటికి పంపిస్తాం" అన్నారు.

ఆ తర్వాత ఫోన్ చేస్తే ఎత్తిన నాథుడు లేడు. ఇన్నాళ్ళకి ఇది వచ్చింది.

"బాగా పనిచేస్తుందమ్మా. ఒకసారి తిప్పి చూపిస్తాను" అన్నాడతను.

"నువ్వేం చూపించక్కర్లేదు. సముద్రం మీద బతికేవాళ్ళమే గానీ మేం ముష్టివాళ్ళం కాదు. ఎవరికీ అక్కర్లేని చెత్త తెచ్చి మా మొహాన కొడతారా? వెళ్ళి మీవాళ్ళకి ఇదే మాట చెప్పు."

"చెప్తానమ్మా."

లోపల్నుంచి పోతురాజు కేకేశాడు. "ఆయన మీద అరుస్తావేంటే? ఆయనేం చేశాడు?"

"ఏం చేశాడా? వేళ్ళ నిండా నీలమే ఉంది. రంగు పూసింది ఈయనే! మోసానికి చెయ్యి కలిపినోడు మోసగాడు కాడా?"

అతను వేళ్ళు ప్యాంటుకి తుడుచుకున్నాడు. ఆటోలోంచి చిన్న డబ్బా, బ్రష్షు తెచ్చి ఆమె గీకినచోట మళ్ళీ రంగు పూశాడు. పైపు బిగించాడు. నీళ్ళు పోసి, ఎక్కడా కారడం లేదని చూసుకుని వెళ్ళిపోయాడు.

మంచినీళ్ళు కావాలా అని కూడా ఆమె అడగలేదు.

మిషన్ తిరిగింది. బాగానే తిరిగింది. కానీ ఆ నీలం కంటపడినప్పుడల్లా ఆమె సంఘంవాళ్ళని తిట్టుకునేది.

షెడ్డుకి సెలవిచ్చిన రోజు బంటుమిల్లి వచ్చి, అక్కడ బందరు బస్సెక్కింది.

సంఘం కార్యదర్శి బాబూరావుకి ఆమెను గుర్తుపట్టడానికే కాస్త సమయం పట్టింది.

"పాత మిషనా? మేం ఏ మిషనూ పంపలేదే!"

"మరి స్టేజీ మీద నాకిచ్చిన కొత్తది?"

"అది షాపువాళ్ళదమ్మా. ఫొటో కోసం తెప్పించాం, సాయంత్రమే వెనక్కి పంపేశాం. ఫండ్స్ వచ్చాక చూద్దామనుకున్నాం."

అతని తల వెనక గోడకి ఆ ఫొటో ఉంది. ఆమె, కొత్త మిషన్, చుట్టూ నవ్వు మొహాలు.

"ఆ ఫొటో తీసేయండి."

"అదేంటమ్మా?"

"ఇవ్వనిదాన్ని ఇచ్చినట్టు గోడకి తగిలించుకోడానికి సిగ్గులేదూ? నా మొగుడి మంచం సంగతి ఊరందరికీ మైకులో చెప్పింది ఇందుకా?"

అతను కదల్లేదు. ఆమే వెళ్ళి ఫ్రేము దించి, అతని బల్ల మీద బోర్లా పెట్టి బయటికొచ్చేసింది.

గేటు దగ్గర వాచ్‌మన్ అంతా విన్నట్టున్నాడు.

"ఆ మిషన్ తెచ్చింది ఆటో దేవసహాయం అయ్యుంటాడమ్మా. ఆరోజు కొత్తదాన్ని మళ్ళీ షాపుకి తోలింది అతనే. 'పాపం, ఆవిడ నిజంగానే వస్తుందనుకుని వాకిట్లో నిలబడి ఉంటుందిరా' అని తెగ బాధపడ్డాడు. ఇల్లు ఇక్కడే, చిలకలపూడిలో."

అతన్ని తను మోసగాడన్న మాట ఆమెకి గుర్తొచ్చింది.

అడుగుతూ అడుగుతూ ఆ ఇల్లు పట్టుకుంది. దేవసహాయం లేడు. గుడివాడకి లోడు తీసుకెళ్ళాడట. అతని భార్య రత్నకుమారి ఆమెను పెరట్లోకి పిలిచింది. మంగతాయారు మిషన్ సంగతి చెప్పింది.

"బంటుమిల్లి వైపు నుంచి వచ్చారా? మీరేనా అండీ ఆవిడ! మిషన్ బాగా తిరుగుతుందా?"

"తిరుగుతుందమ్మా. ఆయన ఇంటికొచ్చాక ఏమైనా అన్నారా?"

"ఆవిడకి నచ్చింది అన్నారండీ."

మంగతాయారు అక్కడే మెట్టు మీద కూర్చుంది.

"తుప్పుతో ఉన్నదాన్ని అలాగే ఇస్తే మిమ్మల్ని చిన్నబుచ్చినట్టు ఉంటుందని, కూర్చుని అంతా గీకి, రంగేశారండీ. ఆ నీలం నేనే చెప్పాను. బాగుందా?"

"బాగుంది. అసలు ఎవరిదమ్మా ఆ మిషన్?"

"మాదేనండీ" అని నవ్వి, రత్నకుమారి బకెట్లో నానబెట్టిన దుప్పటి తీసి బండ మీద ఉతకడం మొదలుపెట్టింది.