పది సున్నాలు

"సంతకం పెట్టమ్మా, సోమవారం పొద్దున్నే బండెక్కాలి" అంటూ కల్నల్ ఆ కాగితాన్ని డాక్టరమ్మ ముందుకు తోశాడు.

ఆవిడ సైన్యంలో మానసిక వైద్యురాలు. ఆయన అదే సైన్యంలో పేరుమోసిన సర్జన్, పైగా ఒకప్పుడు ఆవిడకి పాఠాలు చెప్పిన గురువు. ఆయన సరిహద్దు ఆసుపత్రి నుంచి సెలవు మీద వచ్చి నెలయింది. మళ్ళీ అక్కడికి వెళ్ళాలంటే ఆయన మనసు నిబ్బరంగానే ఉందని ఆవిడ రాసివ్వాలి. తను మేజర్ హోదాలో ఉంటే మాత్రం ఏం లాభం, గురువుగారి ముందు శిష్యురాలికి నోరు పెగులుతుందా?

"ముందు పది ప్రశ్నలు అడగాలి సర్. రూలు."

"అడుగు. నువ్వు రూలు తప్పితే నేనే ఊరుకోను."

ఒక్కో ప్రశ్నకి సున్నా నుంచి మూడు దాకా ఏదో ఒక అంకె చెప్పాలి. సున్నా అంటే ఆ ఇబ్బంది అసలు లేదని, మూడంటే రోజూ ఉందని.

"నిద్ర పట్టకపోవడం?"

"సున్నా."

"పీడకలలు?"

"కలలు కనే వయసా నాది? సున్నా."

"ఊరికే కోపం రావడం?"

"ఇలాంటి ప్రశ్నలు వింటే తప్ప రాదు. సున్నా వేసుకో."

డాక్టరమ్మ నవ్వింది గానీ ఆ నవ్వు పెదవి దాటలేదు. పొద్దున ఆయన భార్య ఫోన్ చేసింది. "నెల నుంచి మంచం మీద నడుం వాల్చడం లేదమ్మా, వంటింటి గోడకి ఆనుకుని కూర్చుంటున్నారు. ఎక్కడైనా తలుపు ధడేలుమంటే చాలు, ఆపరేషన్‌కి వెళ్ళేటప్పటిలా చేతులు మోచేతుల దాకా కడుక్కుంటున్నారు. నేను చెప్పానని చెప్పకు" అని ఏడ్చింది.

"ఇంట్లో అమ్మగారు ఏమంటున్నారు సర్?"

"ఫోన్ చేసేసిందన్నమాట. నేను తుమ్మితే అంబులెన్స్ పిలిచే మనిషమ్మా ఆవిడ. ఆవిడ మాట వింటే పెళ్ళయిన మర్నాడే రిటైరయ్యేవాణ్ణి. తర్వాతది అడుగు."

ఎనిమిది ప్రశ్నలు, ఎనిమిది సున్నాలు అయ్యాయి. తొమ్మిదోది అడగడానికి ఆవిడకే భయం వేసింది. ఆయన సెలవుకి వచ్చే ముందు ఒక్క రోజున నలభై మంది గాయపడి వచ్చారు. ఉన్నవి రెండు ఆపరేషన్ బల్లలు. ఎవరికి ఆపరేషన్ చెయ్యాలో, ఎవరిని ఇక బతకరని పక్కన ఉంచాలో ఆయనే వేలు పెట్టి చూపించాడు.

"ఆ రోజు పక్కన ఉంచినవాళ్ళు మీకు..."

"సున్నా."

ప్రశ్న పూర్తి కాకుండా వచ్చిన ఆ జవాబు డాక్టరమ్మకి నచ్చలేదు. పదోది కూడా అడిగి, సున్నా వేసి, కలం మూసింది.

"ఇంకో నెల ఉండకూడదా సర్?"

"అక్కడున్నది ఒక్క సర్జనమ్మా, అదీ నిన్నగాక మొన్న చేరినవాడు. నేనిక్కడ గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుంటే వాడు కత్తి పట్టుకుని ఏడవాలా? లేక నా మాట మీదే నీకు నమ్మకం లేదా?"

చివరి మాటకి ఆయన గొంతు లేచింది. బయటున్న గుమాస్తా తలుపు సందులోంచి తొంగి చూశాడు. డాక్టరమ్మకి ప్రాణం పోయినంత పనయింది. ఈయనది ఉక్కు గుండె, అందరికీ ధైర్యం చెప్పిన మనిషి, ఈయనకే బాగాలేకపోతే ఇంకెవరికి బాగుంటుందని తనకి తనే నచ్చజెప్పుకుంది. 'విధులకు అర్హుడు' అని రాసి, సంతకం చేసి, ముద్ర కొట్టి కాగితం అందించింది.

"క్షేమంగా వెళ్ళి రండి సర్."

కల్నల్ చెయ్యి చాపలేదు. సంబరపడతాడనుకున్న మనిషి మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆ సంతకం వంకే చూస్తూ కుర్చీలో అలాగే ఉండిపోయాడు.

"ఏమైంది సర్? ఏదైనా తప్పు రాశానా?"

"పదికి పది సున్నాలు చెప్పినవాడు సాయం అడగలేక చచ్చిపోతున్నాడని, వాణ్ణి ఎక్కడికీ పంపొద్దని క్లాసులో మీకు చెప్పింది నేనే కదమ్మా" అన్నాడు కల్నల్, "మరి నన్నెలా పంపిస్తున్నావు?"