కన్ను లేని చిలక

“మళ్ళీ చదువు,” అంది రజని.

మరిది ప్రసాద్ ఫోన్‌లోని ఇంగ్లీషు ఉత్తరాన్ని మరోసారి తెలుగు చేశాడు. “రంగు చాలా బాగుందట. ముఖ్యంగా ఎరుపు. కానీ డిజైన్ మీది కాదట. జావాలో ఏదో మ్యూజియంలో పాత గుడ్డ ఉందట, దాన్నే దించేశారట. ఆ గుడ్డమీద చిలకకి కన్ను లేదు, మీ చిలకకీ లేదు, తప్పును కూడా వదలకుండా కాపీ కొట్టారు అని రాశారు వదినా.”

రజనికి అరికాలి మంట నెత్తికెక్కింది. పెడనలో నాలుగు తరాలుగా కలంకారీ అద్దుతున్న ఇల్లు అది. ఆ చిలక కొయ్య అచ్చు ఆమె మామగారి తాత చెక్కింది. చెక్కిన ఏడాదే కన్ను దగ్గర పెచ్చు ఊడిపోయింది. తరవాత పిడి బీటలిస్తే చుట్టూ రాగి పట్టీ బిగించి, దాంతోనే వేల గుడ్డలు అద్ది బందరు రేవులో ఓడలెక్కించారు. అందులో ఒకటి అద్దాల పెట్టెలో కూర్చునేసరికి, అద్దినవాళ్ళ ఇంటికే దొంగతనం అంటగట్టారు.

రెండు దేశాల కళాకారులు కలిసి చేసే పనికి ఓ విదేశీ సంస్థ ఇచ్చే గ్రాంటు అది. ఇక్కడ రజని అచ్చు అద్దితే, జావాలో సువార్ని అనే ఆవిడ అదే గుడ్డమీద మైనంతో బాతిక్ వేస్తుంది. వస్తే షెడ్డులో పదిమందికి రెండేళ్ళ పని. రాకపోతే షెడ్డుకు తాళం వేసి, కలంకారీ అని పేరు పెట్టుకుని స్క్రీన్ ప్రింటింగ్ అమ్ముకునే వాళ్ళ దగ్గరే కూలికి నిలబడాలి. భర్త ఆనంద్ గుడివాడ బట్టల కొట్టులో గుమాస్తా. ఆ జీతం ఇంటికే చాలదు. రెండుసార్లు అప్లై చేస్తే రెండుసార్లూ కాదన్నారు. ఇది మూడోది, దీనికి శాంపిల్ గుడ్డ కూడా అద్ది పంపింది.

“సాయంత్రం అయిదులోపు అచ్చు మీదేనని రుజువు చేస్తే మళ్ళీ చూస్తారట,” అన్నాడు ప్రసాద్. “సువార్ని గారే పట్టుబట్టి ఒప్పించారు. వీడియో కాల్‌లో అచ్చు చూపిస్తే చాలు.”

“చూపిస్తా. ఆ ఊడిన పెచ్చు వాళ్ళ కళ్ళల్లో పెట్టి చూపిస్తా.”

విసురుగా వెళ్ళి అచ్చుల అలమర తెరిచింది. పై అరలో చిలక అచ్చును చుట్టే ఎర్రగుడ్డ ఒక్కటే ఉంది.

గంటసేపు షెడ్డంతా తలకిందులు చేసింది. బల్లల కింద చూసింది, కాగుల వెనక చూసింది. అరిగిపోయిన అచ్చులు నూనె తాగి ఉంటాయి కనక పొయ్యి రాజెయ్యడానికి ఓ బుట్టలో పడేస్తారు. సగం ఖాళీ అయిన ఆ బుట్టను కూడా బోర్లించింది. లేదు.

“ఎంతకి అమ్మావు ప్రసాద్?”

“ఏంటొదినా ఆ మాట?”

“పోయిన నెల హైదరాబాదునుంచి పాత సామాన్లు కొనేవాణ్ణి తీసుకొచ్చింది నువ్వు కాదా? ఆ అచ్చు చూసి చొంగ కార్చుకున్నాడు.”

“మీరు వద్దన్నారు, వెళ్ళిపోయాడు. అయినా శాంపిల్ అద్దాక దాన్ని ఎక్కడ పెట్టారు?”

“కడిగి అరుగుమీద ఆరబెట్టా.”

“మర్నాడు వాన కదా?”

“వానొస్తే నేనే లోపల పెట్టా.”

“లోపలంటే ఎక్కడ?”

“లోపలంటే లోపలే. తప్పు నువ్వు చేసి నన్ను నిలదీస్తావా? ఆ వానరోజు ఒక్కళ్ళూ పనికి రాలేదు. షెడ్డులో నేను తప్ప పురుగు లేదు. తడికట్టెలతో కుస్తీపట్టి, ఒంటిచేత్తో పొయ్యి రాజేసి, రంగు తేలేదాకా గుడ్డ ఉడకబెట్టి, ఇస్త్రీపెట్టెతో ఆరబెట్టి, కొరియర్ మూసేలోపు బందరు పరిగెత్తా. మర్నాడు పొద్దున్నే నువ్వు దిగావు. ఆ తరవాతే అచ్చు మాయం.”

ప్రసాద్ మొహం మాడిపోయింది. “మూడుసార్లూ అప్లికేషన్ నింపింది నేనే. అమ్ముకునేవాణ్ణయితే ఎందుకు నింపుతానొదినా?”

“పైకి సాయం, లోపల బేరం. మళ్ళీ ఈ గడప తొక్కకు.”

అరుగుమీద కూర్చున్న మామగారు నాగభూషణరావు నెమ్మదిగా అన్నాడు. “కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమమ్మా.”

“కొడుకని వెనకేసుకొస్తున్నారా మామయ్యగారూ? మీ తాతగారి చేతిపని అది. దాన్ని అమ్ముకున్నవాడికి అన్నం పెట్టి పెంచారు మీరు.”

ప్రసాద్ చెప్పులు వేసుకుని, వెనక్కి చూడకుండా వీధిలోకి వెళ్ళిపోయాడు. రజనికి జాలి కలగలేదు. పోలీసు కంప్లైంటు ఎలా రాయించాలా అని ఆలోచిస్తూ నిలబడింది.

నాలుగున్నరకి గుడ్డలు ఉతికే అచ్చమ్మ వచ్చి గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

“ఏంటే?”

“ప్రసాద్ బాబు కళ్ళు తుడుచుకుంటా పోతున్నారమ్మా. ఏంటని అడిగితే అచ్చు పోయిందన్నారు. అంట్లకని మన పొయ్యిలో బూడిద ఎత్తుకెళ్ళానుగా, ఇయ్యాళ అందులో ఇది దొరికింది.”

కొంగుముడి విప్పింది. మసిబారి వంకరపోయిన రాగి పట్టీ.

రజని దాన్ని లాక్కుంది. ఇంతసేపూ ప్రసాద్ అమ్ముకున్నాడనుకుంది గానీ, నూరేళ్ళ అచ్చును తన పొయ్యిలోనే తగలబెడతారనుకోలేదు.

“ఇది ఏ రోజు బూడిదే? ఆ రోజు పొయ్యి రాజేసిందెవరో చెప్పు, ఆ చెయ్యి విరిచి అదే పొయ్యిలో పెడతా.”

అచ్చమ్మ తల దించుకుంది.

“వానరోజుదమ్మా.”