మ్యాపులో లేని ఏనుగు

“కళ్ళు మూసుకున్నావా?” అడిగాడు భర్త.

“ఎప్పుడో మూసుకున్నాను. మీరు పోనివ్వండి,” అంది ఆమె.

ఆమె పదకొండేళ్ళు టాక్సీ నడిపిన మనిషి. తన కారులోనే పక్క సీట్లో కూర్చుని, పెట్టుకున్న బెల్టునే రెండు చేతులా పట్టుకుని ఉంది. స్టీరింగు ముందు భర్త. వెనక సీట్లో పిల్లలిద్దరు. పన్నెండేళ్ళ కొడుకుని ఇంట్లో అందరూ ఇంజనీరు అంటారు. స్కేలు లేనిదే వాడు గీత గీయడు. వాడి ఒళ్ళో రోడ్డు మ్యాపు ఉంది. ఏడేళ్ళ కూతురు పిచ్చుక. క్షణం నోరు మూతపడదు కాబట్టి ఆ పేరు.

వెళ్ళాల్సింది నేషనల్ పార్కుకి. ఏనుగుల్ని చూపిస్తానని తల్లి పిచ్చుకకి మాటిచ్చి ఏడాది దాటింది. మాటిచ్చిన వారానికే వంతెన మీద ఓ లారీ అడ్డదిడ్డంగా ఎదురొచ్చింది. తప్పించబోయి ఆమె కారుని రెయిలింగుకి గుద్దింది. వెనకున్న పిచ్చుక నుదుటికి ఆరు కుట్లు పడ్డాయి. కుట్లు పదిరోజుల్లో మానాయి. తల్లి భయం మానలేదు. ఆ రోజునుంచి ఆమె స్టీరింగు ముట్టుకోలేదు.

పార్కు ప్రయాణం ఇప్పటికి మూడు ఆదివారాలు మొదలైంది. మూడుసార్లూ వంతెన అన్న మాట వినగానే ఆమె తలుపు తీసుకుని దిగిపోయింది. పోయినసారి పిచ్చుక ఏడవనైనా లేదు. “పోనీలే అమ్మా, ఏనుగులు టీవీలో కూడా వస్తాయి,” అంది. ఈసారీ దిగిపోతే పిల్ల ఇక అడగడమే మానేస్తుంది. లారీ భయంకన్నా ఆమెకి ఆ భయమే ఎక్కువగా ఉంది.

“బయలుదేరాం!” అంది పిచ్చుక. “మందుల షాపు... మా స్కూలు... అమ్మా, కుక్క అడ్డమొచ్చింది! ఆ, పోయిందిలే.”

“మలుపులో హారన్ కొట్టండి.”

“కొట్టాను,” అన్నాడు భర్త.

“నాకు వినపడలేదే?”

“కాస్త మర్యాదగా కొట్టాను.”

నవ్వొచ్చే మాటే. ఆమెకి నవ్వు రాలేదు. అద్దాలన్నీ ఎత్తి ఉన్నాయి. లోపల ఒకటే ఉక్కపోత.

“టోల్‌గేటు దాటాం,” అన్నాడు ఇంజనీరు. “తర్వాత పెట్రోలు బంకు. తర్వాత...”

ఆగిపోయాడు. తర్వాత ఏముందో అందరికీ తెలుసు.

“నీళ్ళు నమలకుండా చెప్పరా,” అంది తల్లి.

“వంతెనమ్మా. పొడవు రెండువందల పది మీటర్లు.”

ఆమె కుడికాలు దానంతటదే బ్రేకు కోసం వెతికింది. పక్క సీటు ముందు బ్రేకెక్కడిది? ఉత్త మ్యాటుని తొక్కింది.

“లారీ ఉందా?”

వెనక సీట్లో మ్యాపు గరగరమంది.

“ఉందా, లేదా?”

“ఉంది,” అన్నాడు భర్త. లారీని దాచొద్దని ఆమె ముందే ఒట్టు వేయించుకుంది. “దాని దారిన అది వస్తోంది. మన దారిన మనం పోతున్నాం. నలభై దాటలేదు.”

ఆమె చెయ్యి తలుపు పిడి మీదికి పోయింది. చెవుల్లో మళ్ళీ అదే చప్పుడు. రేకు నలిగిన చప్పుడు, వెంటనే పిల్ల కేక. దిగిపోవాలి. ఇప్పుడే దిగిపోవాలి.

వెనకనుంచి ఓ చిన్న చెయ్యి వచ్చి ఆమె భుజం పట్టుకుంది.

“అమ్మా, నేనిక్కడే ఉన్నా. బెల్టు కూడా పెట్టుకున్నా. లారీ ఎర్రగా ఉంది. డ్రైవరుకి ఇంతింత మీసాలు. నాకు టాటా చెప్పాడు.”

“పోయిందా?”

“ఎప్పుడో పోయింది.”

“నూట ఎనభై,” అన్నాడు ఇంజనీరు. “రెండువందలు... రెండువందల పది. అయిపోయిందమ్మా.”

ఆమె పిడి వదిలేసింది. మూసిన కళ్ళలోంచే నీళ్ళు కారాయి. భర్త ఆమె చేతిని ఒకసారి గట్టిగా నొక్కి వదిలాడు.

“ఇక అన్నీ చెట్లే,” అంది పిచ్చుక. “చెట్టు, చెట్టు, పేద్ద చెట్టు... అమ్మో, ఏనుగు! రోడ్డు మధ్యలో! మన మీదికే వస్తోంది!”

ఆమెకి పై ప్రాణాలు పైనే పోయాయి.

“ఏయ్, మ్యాపులో ఇక్కడ ఏనుగుల్లేవు!” ఇంజనీరు అరిచాడు. “ఏనుగులు గేటు దాటాకే!”

“అయితే వెళ్ళి ఆ మ్యాపేదో ఏనుక్కే చూపించు!”

భర్త కూడా బిక్కచచ్చిపోయాడు. “ఇప్పుడేం చెయ్యాలి?” అన్నాడు. అడిగింది పిల్లల్ని కాదు, ఆమెని.

“బ్రేకు వెయ్యండి,” అంది ఆమె. “మెల్లగా. హారన్ ముట్టుకోకండి. రివర్సులో పది మీటర్లు వెనక్కి రండి. చాలు, అక్కడ ఆపండి. అది దాటేదాకా ఎవరూ నోరెత్తకూడదు. పిచ్చుకా, ముఖ్యంగా నువ్వు.”

అందరూ నోరు మూసుకున్నారు. ఆమె రెండు చేతులూ ఒళ్ళోనే ఉన్నాయి. తలుపు సంగతి ఆమెకి గుర్తే లేదు.

“దాటిందా?”

“దాటిందమ్మా,” పిచ్చుక గుసగుసలాడింది. “వెనకాల పిల్ల ఏనుగు కూడా ఉంది. అదీ దాటింది.”

“పార్కు గేటు,” ఇంజనీరు మ్యాపు మడిచాడు. “వచ్చేశాం.”

ఆమె కళ్ళు తెరిచి, అంగుళమైనా కదలని కారుకి ఎదురుగా, ఏడాదిగా ఒక్కసారీ ఎత్తని షెడ్డు షట్టరుని చూసి, “ఇక దిగి దాన్ని ఎత్తండి, కారు తాళంచెవి ఇలా ఇవ్వండి, ఈసారి నిజంగా వెళ్దాం,” అంది.