ఊ కొట్టిన అత్తగారు

“ఆగావేం? అప్పుడే నోరు నొప్పి పుట్టిందా?” అంది అత్తగారు.

కోడలు పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. చేతిలో ఉన్న నవల సరిగ్గా సగంలో తెగిపోయింది. తర్వాతి పేజీ లేదు, ఆ తర్వాతదీ లేదు. ఊడిన కుట్టు దారాలు మాత్రం వేలాడుతున్నాయి. పాత పుస్తకాల కొట్లో అట్టా, పేరూ లేనిదాన్ని హడావిడిగా పట్టుకొచ్చినందుకు తనను తాను తిట్టుకుంది.

అత్తగారికి కంటి ఆపరేషనయింది. ఒక కంటికి కట్టు, రెండో కన్ను ఎప్పుడూ అంతంతమాత్రమే. బళ్ళో పిల్లలకు భాష నేర్పి రిటైరైన మనిషి, చదవడం కుదరక మంచం మీదే కాలుగాలిన పిల్లి అయిపోయింది. “ఏదో ఒకటి చదివి పెట్టవే” అంటే ఈ నవల మొదలైంది. కోడలు ఎక్కడైనా తడబడితే చటుక్కున మాట అందించేది. ‘ళ’ పలకడం రాదా అని విసుక్కునేది. ఆవులించేది. ఊ మాత్రం ఒక్కసారీ కొట్టలేదు.

ఇప్పుడు సగం పుస్తకమే తెచ్చానంటే ఇంకేమైనా ఉందా! కూరలో ఉప్పు మరిచినా, బట్టలు ఆరేసి క్లిప్పులు పెట్టకపోయినా అత్తగారు పిలిచే పేరు ఒకటే, ‘సగంపని’. కొత్తలో అది ఎగతాళిగానే ఉండేది. చుట్టాల ముందు కూడా అలా పిలవడం మొదలుపెట్టాక కోడలికి ఏడుపొచ్చేది.

“పేజీలు అంటుకున్నాయత్తయ్యా,” అని, లేని పేజీ ఒకటి తిప్పింది. “ఓడ కదిలింది. ఆమె పెట్టె మాత్రం రేవులోనే ఉండిపోయింది...”

“ఊ,” అంది అత్తగారు.

ఆ ఊతో కోడలికి మనశ్శాంతి పోయింది. అంట్లు తోముతున్నా ఓడే, ఇల్లు తుడుస్తున్నా ఓడే. మేడమీదాయన దగ్గు తెచ్చి కెప్టెన్‌కి అంటించింది. తన భయాలన్నీ కథానాయికకు అప్పజెప్పింది. ఓడలో వంటవాడికి అచ్చం అత్తగారి నోరే పెట్టేసి, ఆనక నాలిక్కరుచుకుంది. అత్తగారు పొట్ట పట్టుకుని నవ్వింది.

“నోరే చెడ్డది గానీ వాడు మంచివాడే. వాడికేం కాదు కదే?”

“రేపు చదువుదాం అత్తయ్యా.”

“రేపటిదాకా ఆగాలా? నీ పుణ్యముంటుంది, ఇంకొక్క పేజీ!”

ఆ ఒక్క పేజీ కోసం కోడలు బుర్ర బద్దలు కొట్టుకునేది. కథ ముగించేద్దామంటే అత్తగారు ముగించనివ్వదు. పోనీ ఇంకో కాపీ వెతుకుదామంటే పేరైనా తెలియదు. కట్టు విప్పే రోజు దగ్గరపడుతున్నకొద్దీ ఆమె గుండెల్లో రైళ్ళు పరిగెత్తాయి. కళ్ళొచ్చాక అత్తగారు మొట్టమొదట అడిగేది ఆ పుస్తకాన్నేనని తెలుసు.

అన్నట్టే అయింది. కొత్త కళ్ళద్దాలతో ఆస్పత్రి నుంచి వచ్చిన అత్తగారు చెప్పులైనా విప్పకుండా చెయ్యి చాపింది.

“ఏదీ, ఆ పుస్తకం ఇలా తే.”

కోడలు తెచ్చిచ్చింది. అత్తగారు పేజీలు తిప్పుకుంటూ పోయి, తెగిన చోట ఆగింది. ఆ దారాలను వేలితో తడిమింది.

“సగమే ఉందేమే?”

“తప్పయిపోయింది అత్తయ్యా,” అంది కోడలు. “మిగతాదంతా నేనే కల్పించాను. ఇదీ సగంపనే అంటారని భయమేసింది.”

అత్తగారు పుస్తకం పక్కన పడేసి, మంచమెక్కి కాళ్ళు చాపుకుంది.

“ఇంతకీ ఆ వంటవాడు రేవులో దిగాడా, లేదా?”

“అయ్యో, అదంతా అబద్ధమత్తయ్యా! అసలు కథేమిటో ఎవర్నైనా కనుక్కుని చెప్తాను.”

“అసలు కథ నాకు కంఠతా వచ్చు.”