పొగ భలే కుదిరింది

స్టోర్ రూమ్ తలుపు కింది నుంచి పొగ రావడం చూసి రచన మురిసిపోయింది. ఫోన్‌లో స్టాప్‌వాచ్ నొక్కి చప్పట్లు కొట్టింది.

"ఫైర్ డ్రిల్ మొదలైంది! ఎవరి డ్యూటీ వాళ్లు చేయండి!"

పోటీ పరీక్షల పుస్తకాలు అచ్చేసే ఆ ఆఫీసు అశోక్‌నగర్ సందులో రెండో అంతస్తులో ఉంది. హెచ్ఆర్‌లో చేరి రచనకు ఐదు నెలలైంది. 'భద్రతలో ఉద్యోగుల భాగస్వామ్యం' అన్న పథకం ఆమెదే. ఐదు నిమిషాల్లో అందరూ కిందికి దిగితే ఉద్యోగం పర్మినెంట్ చేస్తానని ఎండీ రమాకాంత్ మాటిచ్చాడు. అందుకే డ్రిల్ చేయించే జగన్మోహన్‌కు ముందే చెప్పింది: "బుధవారం రండి. ఏ టైముకో మాకు కూడా చెప్పొద్దు. చప్పుడు కాకుండా పొగ డబ్బా పెట్టేయండి."

మనిషి మాట నిలబెట్టుకున్నాడు అనుకుంది.

"అఖిల్, మంటలార్పే అధికారివి నువ్వే కద? నిలబడ్డవేంది?"

"సిలిండర్ ఎండీ సార్ రూముల ఉంది మేడం. ఎవరన్న ఎత్తుకపోతరని తాళం ఏసుకున్నడు. తాళంచెవి కవాడిగూడల, సారోళ్లింట్ల ఉంది."

"సరే, ఉత్తగ యాక్షన్ చెయ్యి."

అఖిల్ ఖాళీ చేతులు చాపి 'స్స్‌స్స్' అంటూ తలుపు మీద చల్లాడు.

ఠక్కున కరెంటు పోయింది. చూస్తే స్వీపర్ మాసమ్మ మెయిన్ స్విచ్ దగ్గరుంది.

"నిన్నెవరు బంద్ చేయమన్నరు? నువ్వు డ్రిల్ కమిటీల లేవు కద!" అంది రచన.

మాసమ్మ కాంట్రాక్టు మనిషి. ఉద్యోగుల భాగస్వామ్యం కిందికి రాదు. స్టోర్ రూమ్‌లో స్విచ్‌బోర్డు చిటపటమంటోందని నెల రోజులుగా అందరి వెంటా పడుతోంది. గోడ మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి ఫారం నింపమని రచన ఓపిగ్గానే చెప్పింది. "నాది బటన్ల ఫోను బిడ్డా" అని సాకులు చెప్పింది మాసమ్మే.

"లోపల కిషన్ రావు సారున్నడు! దగ్గు ఇనవడ్తలేదా?" అని అరిచింది మాసమ్మ.

ప్రూఫులు దిద్దే కిషన్ రావుకు డ్రిల్ కోసం వేసిన చీటీల్లో దెబ్బలు తగిలిన మనిషి వేషం వచ్చింది. "నాకు యాక్టింగ్ రాదమ్మా" అని వారంగా గొణుగుతున్నాడు. ఇప్పుడు వింటే ఎంత సహజంగా ఉందో!

"ఉండనియ్యి. ఆయన్ను మోసేది సాయిచైతన్య."

"సాయిచైతన్య టిఫిన్‌కు చిక్కడపల్లి పోయిండు మేడం," అన్నాడు అఖిల్.

మాసమ్మ ఎవరికోసమూ ఆగలేదు. తుడిచే తడి గుడ్డ ముక్కుకు కట్టుకుని లోపలికి దూరింది. కిషన్ రావును చంకల కింద పట్టి బరబరా ఈడ్చుకొచ్చింది. కమిటీ అంతా మెట్ల మీది పుస్తకాల కట్టలు దాటుకుంటూ వెనకే దిగింది.

కింద చాయ్ బండి దగ్గర రచన స్టాప్‌వాచ్ ఆపింది. నాలుగు నిమిషాల యాభై సెకన్లు!

అందరూ చప్పట్లు కొట్టారు. కిషన్ రావు మాత్రం అరుగు మీద వాలిపోయి దగ్గుతూనే ఉన్నాడు. మొహమంతా మసి. మేకప్ ఎవరు వేశారో కానీ తిరుగులేదు.

"ఇగ చాలు సార్, అవార్డు నీకే!" అన్నాడు అఖిల్.

"ఫైరింజన్‌కు ఫోన్ కొట్టు బిడ్డా! నీకు దండం పెడ్త!" మాసమ్మ రచన ముందు చేతులు జోడించింది. కొంగు చివర మాడిపోయి ఉంది.

రచనకు కళ్లు చెమర్చాయి. మాసమ్మ భుజం మీద చెయ్యి వేసి అందరివైపూ తిరిగింది.

"చూసిండ్రా? ఇన్వాల్వ్‌మెంట్ అంటే ఇది!"

అందరూ కలిసి సెల్ఫీ దిగారు. వెనక రెండో అంతస్తు కిటికీలో పొగ బ్రహ్మాండంగా పడింది. ఫొటో గ్రూపులో పెట్టిన నిమిషానికే ఎండీ నుంచి జవాబు: 'శభాష్. నీ ఉద్యోగం పర్మినెంట్.'

ఫోన్ మళ్లీ మోగింది. ఈసారి జగన్మోహన్ మెసేజ్.

'సారీ మేడం, ఇయ్యాల రాలేకపోయిన, పొగ డబ్బా రేపు తెస్త.'