పడవలో ఆఖరి బల్ల

అరకు పార్కులో ఊగే పడవ కదలబోతోంది. ఆఖరి బల్ల మీద కొండ ఊరి ముసలమ్మ ఒక్కతే కూర్చుంది.

"దిగమ్మా, మేం ముగ్గురం కూర్చోవాలి. ఇది పిల్లల కోసం పెట్టింది," అన్నాను, మా మణిదీప్‌ని చంకలో బిగించుకుని.

"టికెట్టు నేనూ కొన్నాను."

"పిల్లల్లేకుండా ఈ వయసులో ఏటీ ఆటలు?" అన్నాడు మా ఆయన వెటకారంగా.

"చైత్రంలో మా కొండోళ్ళ ఇటుకల పండక్కి ఊర్లో ఉయ్యాల ఏత్తాం. పెద్దోళ్ళమే ఊగుతాం. పిల్లలు కింద నిలబడి సూత్తారు."

"మీ పండగ మీ ఊర్లో చేసుకోండి. మావాడు ముచ్చట పడ్డాడు," అన్నాను.

ఆమె వాడి మొహంలోకి చూసింది.

"ముచ్చటా? పడవని సూసి గుంటడు ఏడుత్తన్నాడు. ముచ్చట నీది. ఆడి మీద ఎట్టి అడుగుతున్నావు."

నాకు ఒళ్ళు మండింది. కానీ వాడి గోళ్ళు నిజంగానే నా మెడలో దిగి ఉన్నాయి.

"పద, పోదాం," అన్నాడు మా ఆయన.

వాణ్ణి ఆయన చేతుల్లో పెట్టి పడవెక్కాను.

"జరుగు," అన్నాను ముసలమ్మతో, కోపంగానే.

"జరుగుతాను గానీ, బయమేసి నన్ను పట్టుకోకు."